ఇ20 పెట్రోల్‌తో కారు ఇబ్బంది పెడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

మామూలు బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. దాంతో కారుకి ఏ జబ్బు చేసినా నేరం దాని మీదకే పోతోంది. కొన్నిసార్లు అది నిజమే, చాలాసార్లు కాదు. డబ్బు ఖర్చు పెట్టేముందు తేల్చుకోవాల్సింది అదే.

ముందు మీ కారు ఎప్పటిదో చూడండి. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పైపులు, సీళ్లు, పంపు ఇ20ని తట్టుకునేలా వస్తున్నాయి. ఇంజిన్ ట్యూనింగ్ కూడా ఇ20కి తగ్గట్టు ఉండాలన్నది 2025 ఏప్రిల్ నుంచి. పెట్రోల్ మూత దగ్గరి స్టిక్కర్‌లోనో ఓనర్స్ మాన్యువల్‌లోనో ఈ సంగతి రాసి ఉంటుంది. ఇ10 అని ఉంటే బండి నడవదని కాదు, కింద చెప్పే రబ్బరు భాగాల మీద ఓ కన్నేసి ఉంచాలి.

మైలేజ్ పడిపోయింది

కారణం: లీటరు పెట్రోల్‌లో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో ఉండేది 21 మాత్రమే. ఈ లెక్కన ఇ10 నుంచి ఇ20కి మారితే మూడు, నాలుగు శాతం తగ్గాలి. 18 ఇచ్చే కారు 17.4 దాకా వస్తుంది. ఇథనాల్ లేని పెట్రోల్‌కి డిజైన్ చేసి, ఇ10కి ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది.

18 ఇచ్చేది 14కి దిగిందంటే మాత్రం అది ఇథనాల్ పని కాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు చూడండి. డాష్‌బోర్డు అంకెను నమ్మకుండా, ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి, 300 కిలోమీటర్లు నడిపి, మళ్లీ ఫుల్ చేయించి లెక్కకట్టండి. నిజంగా తగ్గింది మూడు, నాలుగు శాతమే అయితే రిపేరు చేయడానికి ఏమీ లేదు. సీసాల్లో అమ్మే మందులు పోసినా ఆ శక్తి తిరిగి రాదు.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కోడ్ పీ0171

గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదని దీని అర్థం. ఇథనాల్ మండడానికి తక్కువ గాలి చాలు. అందుకే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను కాస్త ఎక్కువసేపు తెరిచి సర్దుకుంటుంది. ఫోన్‌కి కలిపే ఓబీడీ స్కానర్‌తో (కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు, అంకెలు చదివే పరికరం) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ అలా ఎన్ని శాతం ఎక్కువ పెట్రోల్ ఇస్తోందో చెప్పే అంకె, చూడండి. ఇ10 నుంచి మారాక అది నాలుగు శాతం చుట్టుపక్కల పెరగడం మామూలే. పది దాటితే ఇథనాల్‌తో పాటు ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఏమిటో ట్రిమ్మే చెబుతుంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి పెంచగానే తగ్గిపోతే ఇన్‌టేక్ వైపు ఎక్కడో గాలి లీకవుతోంది. వ్యాక్యూమ్ పైపులు, మానిఫోల్డ్ గాస్కెట్ వెతకాలి. ఐడిల్‌లో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంటే పెట్రోల్ సరఫరా చాలడం లేదు. ప్రెజర్ గేజ్ పెట్టించండి. చాలా కార్లలో 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. ప్రెజర్ తక్కువైతే వెంటనే పంపు మార్చేయకండి. ఇథనాల్ మంచి ద్రావకం కాబట్టి పాత ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురును ఊడదీసి ఫిల్టర్‌లోకి తోస్తుంది. ముందు ఫిల్టర్, పంపు అడుగున ఉండే జాలీ చూపించండి.

బంకు నుంచి బయటికొచ్చిన కాసేపటికే జర్కులు, తర్వాత ఆగిపోయింది

ఇందులో మొదటి అనుమానితుడు నీళ్లు, అదీ వానాకాలంలో. మామూలు పెట్రోల్‌లో నీళ్లు పూసల్లా అడుగుకు చేరేవి. ఇ20 కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ హద్దు దాటితే నీరు ఇథనాల్‌ను వెంటబెట్టుకుని మొత్తంగా విడిపోతుంది. అడుగున చేరిన ఆ పొరనే పంపు లాగుతుంది.

పరీక్ష: ఫ్యూయల్ లైన్ నుంచి 200 మి.లీ. గాజు సీసాలోకి తీసి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే తేలిపోయినట్టే. ఇథనాల్ ఎంత కలిసిందో తెలుసుకోవాలంటే కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు పోసి, పెట్రోల్‌తో 100 దాకా నింపి, బాగా ఊపి వదిలేయండి. ఇ20 అయితే కింది పొర సుమారు 28 మి.లీ. దగ్గర నిలుస్తుంది. ఇది స్థూలమైన లెక్కే, ల్యాబ్ రిపోర్టు కాదు. ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయాలి.

మరమ్మతు: మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతాయి. బండిని టో చేయించండి. షెడ్డులో బ్యాటరీ నెగెటివ్ తీసి, లైన్‌లో ప్రెజర్ వదిలించి, పంపు మాడ్యూల్ పైకి తీసి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. అడుగు తుడిచి, ఫిల్టర్ మార్చి, లైను శుభ్రం చేశాకే కొత్త పెట్రోల్. ఉన్నదాని మీదే కొత్తది పోస్తే కలిసిపోతుందనేది భ్రమ. బంకు బిల్లు, మూత బిగించిన శాంపిల్ సీసా దాచి, ఆయిల్ కంపెనీకి ఆ రోజే ఫిర్యాదు చేయండి.

పెట్రోల్ వాసన, పైపు దగ్గర తడి

పాత కార్లలో ఇథనాల్ అసలు దెబ్బ తీసేది ఇక్కడే. మామూలు రబ్బరు పైపులు ఉబ్బుతాయి, ఎండితే గట్టిపడి క్లిప్ దగ్గర పగుళ్లిస్తాయి. వేలితో వంచి చూడండి: సన్నని గీతలు కనిపించినా, నొక్కితే జిగటగా మెత్తబడినా మార్చేయాలి. ఇంజెక్షన్ కార్లకు ఎస్‌ఏఈ జె30 ఆర్9 గ్రేడు పైపు, దానికి తగ్గ ఇంజెక్షన్ క్లిప్పులు అడగండి. ఓ-రింగులు (జాయింట్ల దగ్గరి రబ్బరు రింగులు) ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరువి వేయించండి. వాసన వస్తున్న బండిని మాత్రం నడపొద్దు.

కార్బ్యురేటర్ ఉన్న మారుతి 800, అంబాసడర్‌లకు సర్దుకునే ఈసీయూ లేదు. వాటికి యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్ మార్చి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఐడిల్ మిక్స్చర్ మళ్లీ సెట్ చేయించాలి.

నెలల తరబడి ఆపిన కారు స్టార్ట్ కాదు

విదేశాల్లో ఉండి ఏడాదికోసారి వచ్చేవాళ్ల కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ముందు బ్యాటరీ చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. అది బాగుంటే పైన చెప్పిన సీసా పరీక్ష. ఆపేముందు ట్యాంకు నిండా పోయిస్తే లోపల గాలి తక్కువ, తేమా తక్కువ. పావు ట్యాంకుతో వదిలేయడమే అన్నిటికంటే చెడ్డది. ఇంట్లో ఎవరైనా ఉంటే రెండు వారాలకోసారి పది కిలోమీటర్లు తిప్పమనండి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తే సరిపోదు.