మెయిల్ తెరుచుకోకపోవడానికి కారణం గడియారం

మలక్‌పేటలోని మా ఇంటి కంప్యూటర్‌లో ఒక ఉదయం వెబ్‌మెయిల్ తెరవబోతే, పాస్‌వర్డ్ అడిగే పేజీకి బదులు కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపించింది. అదే ఖాతా, అదే వైఫై మీద, ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంది కాబట్టి లోపం కంప్యూటర్‌లోనే ఉందని అర్థమైంది. ఇలాంటి హెచ్చరికను పట్టించుకోకుండా పాస్‌వర్డ్ ఇవ్వడం ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. అందుకే ముందు కారణం వెతికాను.

తెర మూలన తేదీ చూస్తే 2015 జనవరి 1 అని ఉంది. సురక్షిత వెబ్‌సైటుకు, అది అసలైనదేనని రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది; అది నిర్ణీత తేదీల మధ్యనే చెల్లుతుంది. బ్రౌజర్ ఆ గడువును మన కంప్యూటర్ గడియారంతోనే సరిచూస్తుంది గనుక, ఇప్పటి సర్టిఫికెట్‌ను ఇంకా అమల్లోకి రానిదిగా భావించి అడ్డుకుంది.

సెట్టింగులలో తేదీని సరిచేయగానే మెయిల్ తెరుచుకుంది. అయితే రాత్రి ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపి, మర్నాడు వేసేసరికి తేదీ మళ్లీ 2015కు వెళ్లిపోయింది. విద్యుత్తు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు (కంప్యూటర్‌లోని ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీద ఉండే సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొత్తది కొని, ప్లగ్గు పూర్తిగా తీసేసి, అక్షరాలున్న వైపు పైకి ఉండేలా అమర్చాను. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే బయోస్ అనే ప్రోగ్రామ్ సెట్టింగులలో తేదీ, సమయం ఒక్కసారి సరిచేశాక, రాత్రంతా స్విచ్ ఆపి ఉంచినా గడియారం తప్పలేదు, మెయిల్ ఆగలేదు.