ఐర్లండ్ పల్లెల్లో మకాం - 4వ పాఠం: ఊరు కాదు, ఇల్లు చూసుకోండి

ముందు పోయినసారి సంగతి తేల్చేద్దాం. "బల్లినా చుట్టుపక్కల ఎక్కడైనా ఇల్లు తీసుకోండి, ఉత్తర మేయో అంతా తిరగొచ్చు" అని మూడో పాఠంలో రాశాను. మేయో అంటే పడమటి తీరంలోని కౌంటీ, మన జిల్లా లాంటిది. అది చదివి ఇద్దరు బుక్ చేసుకున్నారు. ఒకరు క్షేమంగా చేరారు. రెండోవారు శుక్రవారం డబ్లిన్‌లో ఆఫీసు అవగానే బయల్దేరి, అనుకున్నదానికన్నా తొందరగా వచ్చేశామని సంబరపడ్డారు. పొద్దున్నే ఉత్తర మేయో తీరంలోని కొండచరియ డౌన్‌పాట్రిక్ హెడ్‌కి దారి పెడితే ఫోన్ మూడు గంటల పైమాటే అంది. వాళ్లు దిగింది టిప్పరరీ కౌంటీలోని బల్లినాలో! షానన్ నది ఒడ్డు, వంతెన దాటితే క్లేర్ కౌంటీలోని కిల్లలూ. చక్కటి చోటే. సముద్రమే లేదు.

తప్పులో సగం నాది. నా మట్టుకు బల్లినా అంటే మేయోదే, 2023లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ వచ్చి మాట్లాడిన ఊరు. రెండోది ఉందన్న సంగతే రాసేటప్పుడు తట్టలేదు.

అందుకని ఈసారి అనుకున్న పాఠం పక్కన పెడుతున్నాను. కారు అద్దె, వాన కోటు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మనం కొత్తపల్లి అని వింటే ఏ మండలం అని అడగకుండా ఊరుకోం. ఇక్కడికి వచ్చేసరికి ఆ అలవాటు ఏమైపోతుందో నాకు అర్థం కాదు. న్యూపోర్ట్ మేయోలో ఉంది, టిప్పరరీలోనూ ఉంది. అదీ ఆ టిప్పరరీ బల్లినాకు దగ్గర్లోనే! బల్లీకాసిల్ ఒకటి మేయో తీరంలో ఉంటే ఇంకొకటి ఆంట్రిమ్‌లో ఉంది. అది ఉత్తర ఐర్లండ్, బ్రిటన్ కిందిది, అక్కడ పౌండ్లు, మైళ్లు. కెర్రీ తీరంలోని డింగిల్‌కి ఐరిష్ భాష బోర్డుల మీద 'అన్ డాంగన్' అని చూసి వెతికితే, ఆఫలీ కౌంటీలో సముద్రానికి ఎంతో దూరాన ఉన్న డాంగన్ తగలొచ్చు. కౌంటీ పేరు లేని చిరునామాను నమ్మకండి.

కౌంటీ సరిపోయినా పని అయిపోలేదు. మన ఊరంటే ఇళ్లన్నీ ఒకచోట, చుట్టూ పొలాలు. ఇక్కడి పల్లె అలా ఉండదు. ఊరు అంటే ఒక చర్చి, ఒకటో రెండో పబ్‌లు, ఒక దుకాణం, బడి. మిగతా ఇళ్లు రోడ్ల వెంబడి, ఒక్కోటి ఒక్కో పొలం గట్టున. వాటి చిరునామాలో ఉండేది టౌన్‌ల్యాండ్ పేరు. పేరులో టౌన్ ఉన్నా అది పట్టణం కాదు, ఒక నేల ముక్క. ఇలాంటివి ద్వీపమంతా కలిపి 60,000కు పైనే. ఇంటి నంబరు ఉండదు. కాబట్టి "కోరోఫిన్ దగ్గర ప్రశాంతమైన ఇల్లు" అంటే కోరోఫిన్‌కి ఏడు కిలోమీటర్ల అవతల అయినా కావచ్చు.

అందుకే ఇంటివాళ్లను ఎయిర్‌కోడ్, అంటే ఐర్లండ్ పోస్ట్‌కోడ్, అడగండి. 2015లో వచ్చింది, అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు. మన పిన్‌కోడ్‌లా ఊళ్లకు ఊళ్లకు ఒకటి కాదు, ఒక్కో చిరునామాకు ఒక్కోటి. మొదటి మూడు ప్రాంతానివి: మేయో బల్లినా అయితే ఎఫ్26, టిప్పరరీ బల్లినా అయితే వి94. ముందే ఇవ్వం అంటే కనీసం ఆ మూడైనా చెప్పమనండి. అదీ చెప్పకపోతే నేనైతే ఆ ఇల్లు వదిలేస్తాను.

కోడ్ చేతికొచ్చాక ఆఖరి ఐదు కిలోమీటర్లు చూడండి. రోడ్డు నంబరు 'ఎల్'తో మొదలైతే స్థానిక రోడ్డు. వీటి మీద 2025 ఫిబ్రవరి నుంచి వేగపరిమితి గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గింది. అదీ ఎక్కువే. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది, రెండు వైపులా కంచె మొక్కలు అద్దాలకు రాసుకుంటాయి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మీరే వెనక్కి పోవాలి. ఆ రైతు స్టీరింగ్ మీది చెయ్యి తీయకుండా ఒక్క వేలు పైకెత్తుతాడు. అది నమస్కారం, మీరూ ఎత్తండి.

ప్రశాంతత గురించి నా సొంత లెక్క ఒకటి. సముద్రం కిటికీలోంచి కనపడాలని పట్టుబట్టను. తీరానికి పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వెళ్తాను, బడి, ఆటల మైదానం ఉన్న ఊరికి దగ్గర్లో. బడి ఉందంటే చలికాలంలోనూ అక్కడ మనుషులుంటారు. క్లేర్‌లోని సున్నపురాతి నేల బర్రెన్ చూడాలంటే, తీరాన ఉన్న డూలిన్ కన్నా లోపలి పల్లె కిల్‌ఫెనోరా నయం. ఒక్క ఇబ్బంది, జూన్‌లో వాన లేని రోజుల్లో గడ్డి కోత. రాత్రి పదింటికి కూడా వెలుతురే, పదకొండు దాటాక హెడ్‌లైట్లతో ట్రాక్టర్లు మా కిటికీ పక్క నుంచే పోయాయి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అభ్యాసం. ఒక ఇల్లు ఎంచుకోండి. కౌంటీ, టౌన్‌ల్యాండ్, ఎయిర్‌కోడ్‌లో మొదటి మూడు రాసుకోండి. అదే టౌన్‌ల్యాండ్ పేరు ఇంకెన్ని కౌంటీల్లో ఉందో ఐరిష్ స్థలనామాల ఆన్‌లైన్ డేటాబేస్‌లో లెక్కపెట్టండి. తర్వాత పెద్ద రోడ్డు దిగిన చోటు నుంచి గుమ్మం దాకా ప్రతి మలుపూ కాగితం మీద గీయండి. ఎదురు బండి వస్తే ఎక్కడ పక్కకు తప్పుకోవచ్చో గుర్తుపెట్టండి. రెండు గంటలు పడుతుంది. టిప్పరరీలో ఉన్నవారికి మినహాయింపు: మీరు కిల్లలూ వంతెన మీద నడిచి, ఆదివారం సాయంత్రం ఇంటికి వెళ్లండి.