మేధో వైకల్యం ఉన్న పెద్దవారికి వసతి గృహం చూడడం ఎలా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో మేధో వైకల్యం ఉన్న పిల్లలను బడికి పంపే దారి ఏదో ఒకటి దొరుకుతుంది గాని, ఆ పిల్లలకు నలబై ఏళ్లు వచ్చి, చూసుకునే తల్లికి డెబ్బై దాటినప్పుడు ఏం చేయాలన్నది చాలా ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట. చివరికి తల్లి దినాలు కాగానే అన్నదమ్ములు హడావుడిగా, దొరికిన చోట చేర్పించి వస్తారు. అమ్మ, ఇల్లు, ఊరు ఒక్కసారే పోయిన మనిషి అన్నం మానేస్తే దాన్ని మొండితనం అంటారు. అందుచేత వసతి గృహం వెతకడం, అలవాటు చేయడం తల్లిదండ్రులు తిరగగలిగి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

ముందుగా కాగితాలు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ చాలామంది దగ్గర ఉంటాయి. లేనిది గార్డియన్ (చట్టబద్ధ సంరక్షకుడు) ఉత్తర్వు. పద్దెనిమిదేళ్లు నిండిన తర్వాత తల్లిదండ్రులు చట్టరీత్యా గార్డియన్లు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం (మేధో వైకల్యానికి చట్టంలో వాడిన పేరు), బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. నియమితుడైన వ్యక్తి ఆరు నెలల్లోగా ఆ మనిషి ఆస్తుల జాబితాను ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. దరఖాస్తు వివరాలను జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి కనుక, పాత కాగితాల్లోని జిల్లా పేరు చూసి వెళ్లకుండా మీ మండలం ఇప్పుడు ఏ కలెక్టరేట్ కిందకు వస్తుందో చూసుకోండి.

గృహాన్ని చూడడానికి వెళ్లినప్పుడు మొదట అడగవలసింది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్. మానసిక రోగులను, మేధో వైకల్యం ఉన్నవారిని కలిపి ఉంచుతున్నారేమో కూడా తెలుసుకోవాలి. ఈ రెండూ వేర్వేరు స్థితులు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనం నుంచి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది.

ఆ తర్వాత కాగితాలను పక్కన పెట్టి, చెప్పకుండా ఒక మధ్యాహ్నం మూడు గంటలకు మళ్లీ వెళ్లండి. అన్నదానాలు, పుట్టినరోజు కేకులు జరిగే వేళ ప్రతి ఆశ్రమమూ బాగానే కనిపిస్తుంది. మామూలు మధ్యాహ్నం అక్కడి మనుషులు ఏం చేస్తున్నారన్నదే అసలు పరీక్ష: కూరగాయలు కోస్తున్నారా, మొక్కలకు నీళ్లు పోస్తున్నారా, లేక వరసగా గోడకు ఆనుకుని కూర్చున్నారా? ఎవరి బట్టలు వారికి, ఎవరి బీరువా వారికి ఉన్నాయా? రాత్రి ఎంతమంది మేలుకొని ఉంటారు, ఆడవారికి స్నానం చేయించేది ఆడ ఆయాలేనా? ఎవరైనా కోపంతో వస్తువులు విసిరితే ఏం చేస్తారో తప్పక అడగండి. “మా దగ్గర అందరూ బుద్ధిగా ఉంటారు” అన్న జవాబు నాకైతే అనుమానం కలిగిస్తుంది; పాతికమంది ఉన్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉందంటే, ఇచ్చే మందుల చీటీ చూడాలి.

ఫిట్స్ ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మాత్రలు ఒక్కపూట తప్పినా ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పకుండా మానేయడం ప్రమాదం. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఎంత దూరంలోని ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకువెళతారో ముందే మాట్లాడుకోవాలి.

ఇక అన్నింటికన్నా శ్రద్ధగా చేయవలసిన పని ఒక నోటుబుక్కు రాయడం. తల్లికి మాత్రమే తెలిసినవన్నీ అందులోకి రావాలి. నొప్పిని మాటల్లో చెప్పలేని మనిషి పన్ను నొప్పికి చెంప కొట్టుకుంటాడా, కడుపు నొప్పికి నేల మీద బోర్లా పడుకుంటాడా, జ్వరం వస్తే ఎవరితోనూ కలవకుండా మూలకు చేరతాడా. ‘సల్ల’ అంటే మజ్జిగనేనా, ఇంకేమైనా అడుగుతున్నాడా. గట్కలో ఏం కలిపితే తింటాడు. ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు. ఎవరు పట్టుకుంటే సూది వేయించుకుంటాడు. కొత్త ఆయాకు ఇవి తెలియకపోతే, నెలల తరబడి పుచ్చిన పన్నును పొగరు కింద లెక్కకట్టే ప్రమాదం ఉంది. ఒక ప్రతి గృహంలో, ఒకటి గార్డియన్ దగ్గర ఉంచి, ఏటా మార్పులు రాయండి.

చేర్పించేటప్పుడు ఆ మనిషిని కూడా అడగాలి. ఎక్కడ ఉండాలో బలవంతం చేయరాదని 2016 చట్టమే చెబుతుంది; మాట రానివారు సైతం తమ ఇష్టాన్ని ముఖంలో, నడకలో చెబుతారు. ముందు పగలు మాత్రమే, తర్వాత ఒక రాత్రి, ఆపై ఒక వారం ఉంచి చూడండి. బతుకమ్మకో, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకో ఇంటికి తీసుకువస్తామని చెప్పితే తప్పక తీసుకురండి.

డబ్బు సంగతిలో ఒకటే కచ్చితంగా చెబుతాను: ఇల్లు గాని, భూమి గాని గృహం పేరిట రాసివ్వకండి. నెలవారీ ఫీజుకు రసీదు తీసుకోండి. 2023లో 4,016 రూపాయలకు పెంచిన వికలాంగుల ఆసరా పింఛను ఎవరి చేతికి వెళుతుందో గార్డియన్‌కు తెలియాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు భరిస్తుంది. రెన్యువల్ తేదీ మరచిపోకూడదు.

చేర్చిన తర్వాత చూడడానికి వెళ్లేది ఎవరో పేరుతో సహా నిర్ణయించుకోండి. అన్నదమ్ములందరూ అంటే ఎవరూ వెళ్లరు. వెళ్లిన ప్రతిసారీ బరువు, పళ్లు, గోళ్లు, వీపు చూసి, మాత్రల షీట్లు లెక్కపెట్టి, సందర్శకుల రిజిస్టర్‌లో సంతకం చేసి రావాలి.