మాటల జాడ తీద్దాం - 3వ పాఠం: చుట్టాలను పిలవండి

పోయిన పాఠంలో 'పందికొక్కు'ను విడగొట్టమన్నాను. పంది, కొక్కు. కొక్కు అంటే ఎలుక. పందిలా మట్టిని తవ్వే, గుర్రుమనే ఎలుక కాబట్టి ఆ పేరు. ఈ మాటను ఇంగ్లీషువాళ్లు మన దగ్గర విని 'బాండికూట్' అన్నారు. తర్వాత అదే పేరును ఆస్ట్రేలియాలో సంచి ఉన్న ఓ చిన్న జంతువుకూ పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. మన పొలాల గట్ల మీది మాట అంత దూరం వెళ్లిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే విడగొడితే అన్ని మాటలూ ఇంత తేలిగ్గా లొంగవు. 'వేలం' తీసుకోండి. 'వేలు'తోనో 'వేల'తోనో ముడిపెట్టాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఇరుగుపొరుగు భాషల్లో అదే అర్థానికి ఏమంటారో ఒక కాగితం మీద వరసగా రాయండి. తమిళంలో ఏలం, హిందీలో నీలామ్, మరాఠీలో లిలావ్. చూశారా, మొదటి అక్షరం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, వెనక భాగం మాత్రం దాదాపు ఒకటే. అన్నిచోట్లా ఇలా దగ్గరగా ఉండి, ఏ భాషలోనూ సొంత ధాతువు దొరకకపోతే ఆ మాట బయటినుంచి వచ్చిందని అనుమానించాలి. ఇక్కడ మూలం పోర్చుగీసు 'లెయిలావ్'. మొదటి 'ల'ను మరాఠీ పోగొట్టుకోకుండా దాచింది, మనకు ఆచూకీ అక్కడే దొరుకుతుంది. పోర్చుగీసుకు అది అరబీ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం చాటింపు. వేలంపాటలో గట్టిగా అరిచేవాణ్ణి తలచుకుంటే అర్థం ఎంత చక్కగా అతుకుతుందో!

ఈ పనిలో నిలకడ కావాలి, ఎందుకంటే పోలిక మోసం చేస్తుంది. పెద్దవాళ్లు మరుగుదొడ్డిని 'కక్కూసు' అనేవారు. 'కక్కు' అనే క్రియ నుంచి పుట్టిందని నేను చాలా ఏళ్లు నమ్మాను. అర్థం కూడా కాస్త కుదిరినట్టే ఉంటుంది. కానీ తమిళంలోనూ అది కక్కూసే. అసలు మాట డచ్చివాళ్లది, 'కక్‌హాయిస్'. చివర ఉన్నది ఇల్లు అనే మాట. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో వర్తకం పెట్టారు, భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి జాడ తీసేటప్పుడు, మాటను విడగొట్టి, ఇరుగుపొరుగు భాషల్లో వెతికాక, ఈ మూడో ప్రశ్న తప్పకుండా వేసుకోండి: ఈ మాట తెచ్చినవాళ్లు నిజంగా మన ఊళ్లకు వచ్చారా? ఏ రేవులో దిగారు? ఆ దారి కనిపించకపోతే ఎంత అందమైన ఊహైనా పక్కన పెట్టాల్సిందే.

తోడుకు సి.పి. బ్రౌన్ ఉన్నారు. తెలుగులో వాడే అన్యభాషా పదాలకు ఆయన 1854లో విడిగా ఒక నిఘంటువే వేశారు. ఒక మాట కోసం తెరిచి పక్క మాటల దగ్గర గంటసేపు ఆగిపోయినా ఫర్వాలేదు, ఆ గంట వృథా కాదు.

ఈ వారం అభ్యాసం: మేస్త్రీ, బొత్తాం, అనాస. మూడింటికీ తమిళ, హిందీ రూపాలు రాయండి. బొత్తానికి హిందీ రూపం వేరే దారిలో వచ్చింది, దాన్ని చూసి కంగారుపడొద్దు. మూడూ మనదాకా తెచ్చిన ఓడలు ఒకే దేశానివి. అయితే ఒక మాట మాత్రం ఆ దేశంలో పుట్టలేదు, ఇంకో ఖండంలోని అడవిబిడ్డల నోట పుట్టింది. అదేదో కనుక్కుని రండి. వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.