సోర్స్ నుంచి సాఫ్ట్‌వేర్ – 4వ పాఠం: తీసేసే దారి ముందే చూసుకోండి

లినక్స్‌లో సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసేటప్పుడు కాన్ఫిగర్ (మన సిస్టమ్‌కు తగ్గట్టు సిద్ధం చేసేది), మేక్ (కంపైల్ చేసేది) అయ్యాక 'మేక్ ఇన్‌స్టాల్' మాత్రం కొట్టొద్దని గత పాఠంలో అన్నాను. ఆ కమాండ్ ఫైళ్లను /యూఎస్‌ఆర్/లోకల్ కింద బిన్‌లో కొన్ని, లిబ్‌లో కొన్ని, షేర్‌లో కొన్ని సర్దేసి వెళ్లిపోతుంది. ఏది ఎక్కడ పెట్టిందో సిస్టమ్‌లోని ప్యాకేజీ మేనేజర్‌కు (ప్రోగ్రాములను పెట్టి, తీసే సాధనానికి) తెలియదు. 'మేక్ అన్‌ఇన్‌స్టాల్ ఉందిగా' అంటారేమో! అది ఆ ప్రాజెక్టువాళ్లు రాసి ఉంటేనే ఉంటుంది. పైగా దానికి పాత సోర్స్ ఫోల్డర్ కావాలి. దాన్ని ఎవరు దాచుకుంటారు?

ఒకటి రెండు ప్రోగ్రాములకైతే నేను గ్నూ స్టో వాడమంటాను. ప్రతి ప్రోగ్రామూ తన సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, బయట కనిపించేవి సింబాలిక్ లింకులు, అంటే అసలు ఫైలును చూపించే గుర్తులు మాత్రమే. ఆ లింకులు పెట్టేది, తీసేది స్టో. పలకరింపు ఒక్కటి చూపించే గ్నూ హలో ప్రోగ్రామ్‌తో చేసి చూడండి, అభ్యాసానికి అంత చిన్నది ఇంకోటి దొరకదు. 2.10 వెర్షన్ తీసుకుని, కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్‌గా (ఫైళ్లు వెళ్లాల్సిన చోటుగా) /యూఎస్‌ఆర్/లోకల్/స్టో/హలో-2.10 ఇచ్చి, మేక్ అయ్యాక మేక్ ఇన్‌స్టాల్ చేయండి; ఈసారి అన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోకే వెళ్తాయి కాబట్టి పర్లేదు. తర్వాత /యూఎస్‌ఆర్/లోకల్/స్టో ఫోల్డర్‌లోకి వెళ్లి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) 'స్టో హలో-2.10' కొట్టండి. తీసేయాలంటే అదే కమాండ్‌కు పెద్ద డి ఆప్షన్ చేర్చితే చాలు, లింకులు పోతాయి. కొత్త వెర్షన్ నచ్చకపోతే పాతదాన్ని మళ్లీ లింక్ చేసుకోవచ్చు. నాకు స్టో నచ్చేది ఇందుకే.

ఒక చిక్కుంది. రెండు ప్రోగ్రాములూ షేర్/ఇన్ఫోలో 'డిర్' అనే ఫైలు పెడితే, రెండోదాన్ని లింక్ చేయడానికి స్టో ఒప్పుకోదు. టెన్షన్ పడకండి, అది ఇన్ఫో పేజీల విషయసూచిక మాత్రమే. రెండో ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోంచి దాన్ని తీసేయండి.

డెబియన్, ఉబుంటులో మీ ప్రోగ్రామ్ అక్కడి ప్యాకేజీ మేనేజర్ 'ఆప్ట్' జాబితాలోనే కనిపించాలంటే చెక్‌ఇన్‌స్టాల్ అనే సాధనం ఉంది. మేక్ ఇన్‌స్టాల్ చేసే పనిని గమనించి డెబ్ ప్యాకేజీ కడుతుంది. డిపెండెన్సీలు (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు) మాత్రం మీరే చెప్పాలి, కాబట్టి ఆ ప్యాకేజీ మీ మెషిన్‌కే పరిమితం, పక్కవాళ్లకు ఇవ్వకండి. ఆర్చ్ లినక్స్‌లో ఉన్నవాళ్లకు ఈ తంటా లేదు, పీకేజీబిల్డ్ ఫైలు (ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పేది) రాసి మేక్‌పీకేజీ నడిపితే, అక్కడి ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మన్ మిగతాది చూసుకుంటుంది.

పదుల సంఖ్యలో ప్రోగ్రాములు సోర్స్ నుంచే కావాలంటే స్టోతో లాగకండి, అది డిపెండెన్సీలు చూడదు. నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల పీకేజీసోర్స్ (సోర్స్ నుంచి ప్యాకేజీలు కట్టే వ్యవస్థ) లినక్స్‌లోనూ నడుస్తుంది, రూట్ (అడ్మిన్) హక్కులు లేకుండా హోమ్ ఫోల్డర్‌లోనూ పెట్టుకోవచ్చు. మొత్తం సిస్టమే సోర్స్ నుంచి కావాలంటే జెంటూ లినక్స్ ఉంది, కానీ పెద్ద బ్రౌజర్లు కంపైల్ అవడానికి గంటలు పడతాయని తెలిసే దిగండి.

ఈ వారం పని: హలో 2.10 లింకులు తీసేసి 2.12 పెట్టండి, మళ్లీ 2.10కి రండి. అసలు నడిపే ముందు ప్రతిసారీ చిన్న ఎన్, చిన్న వి ఆప్షన్లు కలిపి ఇచ్చి, స్టో ఏం చేయబోతోందో చదవండి. లైబ్రరీలు, అవి ఎక్కడున్నాయో సిస్టమ్‌కు తెలిపే ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ 5వ పాఠంలో.