కోమా గెలాక్సీ గుచ్ఛాన్ని ఫోటో తీసే ముందు జాగ్రత్తలు

సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఈ గుచ్ఛం, ఉత్తరార్ధగోళంలో మార్చి నుంచి మే వరకు అనుకూలంగా కనిపిస్తుంది.

ఫోకస్‌ను టెలిస్కోపు ముందు అమర్చే గాడుల పలక అయిన బాహ్టినోవ్ మాస్క్‌తో సరిచూసి, ఉష్ణోగ్రత పడిపోతున్నకొద్దీ మళ్లీ పరీక్షించాలి. ఇక్కడి గెలాక్సీలలో అధిక భాగం చిన్న మసక చుక్కలే కనుక, ఫోకస్ తప్పితే అవి నక్షత్రాల నుంచి వేరుగా తెలియవు, ఆ నష్టాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

టెలిస్కోపును మోసి తిప్పే మౌంట్ ధ్రువ అమరికను, అంటే దాని అక్షం ఆకాశ ధ్రువం వైపు ఉందో లేదో సరిచూడాలి. లేకుంటే సాగిపోయిన నక్షత్రం కూడా దీర్ఘవృత్తాకార గెలాక్సీగా భ్రమింపజేస్తుంది.

చంద్రుడు లేని రాత్రినే ఎంచుకోవాలి. గెలాక్సీల కాంతి వర్ణపటమంతటా పరచుకుని ఉండటం వల్ల, కొద్దిపాటి రంగులనే పంపి వెన్నెలను అడ్డుకుంటూ నెబ్యులాలకు (అంతరిక్ష వాయు మేఘాలకు) అంతగా ఉపకరించే నారోబ్యాండ్ ఫిల్టర్లు ఇక్కడ అక్కరకు రావు.

ఫ్లాట్ ఫ్రేములను (దుమ్ము నీడలను సరిదిద్దడానికి సమానమైన వెలుగులో తీసే చిత్రాలను) కెమెరా విప్పకముందే తీయాలి. అమరిక కదిలితే దుమ్ము నీడలు చిత్రం నుంచి సరిగా తొలగవు.

మంచు పట్టే రాత్రి లెన్స్ హీటర్ తప్పనిసరి.