డాబా కారుతోందా? ముందు అంచులు చూడండి

మా ఇంట్లో డాబా ఎక్కేది నేనే. మా వారికి మోకాళ్ల నొప్పులు, పిల్లలిద్దరూ హైదరాబాదులో. గుంటూరు బ్రాడీపేటలో 1991లో శ్లాబు పోసిన ఇల్లు మాది. వెనక వంటిల్లు మాత్రం మా అత్తగారి కాలం నాటి పెంకుటిల్లే. పడగొట్టడానికి మనసొప్పక అలాగే ఉంచేశాం. దాంతో రెండు రకాల కప్పులూ నా మెడకే చుట్టుకున్నాయి. ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పిన అలవాటో ఏమో, ఎక్కడ తప్పు జరిగిందో తేలేదాకా చేతిలోంచి డబ్బు తీయబుద్ధి కాదు.

నాలుగేళ్ల కిందట శ్రావణంలో హాల్లో ఫ్యాను కొక్కెం చుట్టూ పసుప్పచ్చగా మచ్చ పడింది. మొదట అరచేయంత ఉంది. వారం తిరిగేసరికి పళ్లెమంత అయింది, ఒక రాత్రి బొట్టు కూడా పడింది. నీళ్లు దిగకుండా డాబాకి కోటింగు వేసేవాళ్లని పిలిస్తే, వచ్చినాయన మెట్లు కూడా ఎక్కకుండానే "మేడం, డాబా మొత్తానికి కోటింగు కొట్టించాల్సిందే" అని డెబ్భై వేలు చెప్పాడు. ఆలోచించుకుంటామని పంపించి, బకెట్టూ చీపురూ పట్టుకుని పైకెళ్లాను.

హాలు మీద గచ్చు శుభ్రంగా ఉంది, ఒక్క పగులు లేదు. అక్కడికి ఎనిమిది అడుగుల దూరంలో, మూలన ఉన్న వాన నీళ్ల తూము దగ్గర జాలీ ఎత్తి చూశాను. లోపల పిడికెడు మిరప తొడిమలు, గింజలు, మట్టితో కలిసి ముద్ద కట్టి ఉన్నాయి. ఎండాకాలంలో మేము కారానికి మిరపకాయలు ఎండబెట్టేది సరిగ్గా ఆ మూలనే! గుంటూరులో ఇల్లుండి డాబా మీద మిరపకాయలు ఎండబెట్టనిది ఎవరు? ఆ ముద్ద తీసేశాక అసలు సంగతి కనబడింది. పైపుకీ గచ్చుకీ మధ్య చుట్టూ సన్నటి సందు. పోస్టుకార్డు అంచు దూర్చితే అంగుళం దాకా దిగింది.

తూము మూసుకుపోవడంతో నీళ్లు అక్కడ నిలిచాయి, ఆ సందులోంచి గచ్చు కిందకి దిగాయి, గచ్చుకీ శ్లాబుకీ మధ్య పాకాయి. శ్లాబులో వేసిన కరెంటు పైపు దొరకగానే దాని వెంటే ప్రయాణం చేసి ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడ్డాయి. నీళ్లు దిగే చోటు ఒకటి, కారే చోటు ఇంకొకటి. ఇది పట్టుకుంటే సగం పని అయినట్టే. (ఫ్యాను, లైటు దగ్గర తడి కనిపిస్తే ముందు ఆ గది మెయిన్ ఆపేయండి. మిగతా పరిశోధన తర్వాత.)

మీకు అనుమానం ఎక్కడో తేలకపోతే ఒక పరీక్ష ఉంది. తూముకి గుడ్డ, పాలిథీన్ కవరు కలిపి బిరడా పెట్టండి. డాబాని రెండు మూడు భాగాలుగా అనుకుని, ఒక భాగం చుట్టూ బంకమట్టితో జానెడు వెడల్పున చిన్న గట్టు కట్టి, లోపల అంగుళంన్నర నీళ్లు పట్టండి. రెండు రోజులు అలా వదిలి, కింద మచ్చ పెరుగుతోందేమో చూడండి. పెరగకపోతే తర్వాతి భాగం. డాబా అంతా ఒకేసారి నింపారా, కారుతోందని తెలుస్తుందే తప్ప ఎక్కణ్ణుంచో తెలియదు. పైగా అంగుళం నీళ్లు నిలిస్తే చదరపు అడుగుకు రెండు కిలోల పైనే బరువు. పాత శ్లాబు మీద చెరువులు కట్టకండి. మచ్చ అంచున పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తే పెరిగిందా లేదా అని ఇంట్లో వాదన ఉండదు.

ఆ సందు పూడ్చడానికి మా మేస్త్రికి ఒక పూట పట్టింది. పైపు చుట్టూ గచ్చుని అంగుళం వెడల్పు, అంగుళం లోతు చెక్కేశాడు. ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది, దానికి సిమెంటు అతుక్కోదు. ముందు కట్టినవాళ్లు చేసిన తప్పు అదే. అందుకని పైపు బయటి వైపు గరుకు కాగితంతో బాగా రుద్దమన్నాను. "అమ్మగారూ, ఇదెవరు చెప్పారు మీకు?" అన్నాడు. దుమ్ము ఊడ్చి, తడిపి, సిమెంటు గట్టిగా పట్టుకోవడానికి కలిపే లేటెక్స్ ద్రావణంతో సిమెంటు పాలు చేసి పూసి, అవి ఆరకముందే ఒకటికి మూడు పాళ్ల ఇసుక మాలు అదే ద్రావణంతో కలిపి కూరాడు. వారం రోజులు తడిపాం. బాగా ఆరాక, పైపు నోటి లోపలికి కూడా దిగేలా జాలి గుడ్డ పరిచి రెండు పూతలు కోటింగు వేశాం. మూడు వేలు దాటలేదు. ఆ మచ్చ మీద సున్నం వేయడానికే ఇంకో ఎనిమిది వందలైంది, అది వేరే సంగతి.

తూము నోరు చుట్టుపక్కల గచ్చు కంటే అంగుళం పల్లంగా ఉండాలి. మీద పెట్టే జాలీ గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా ఉన్నది కొనండి. చదునైన జాలీని ఒక్క బాదం ఆకు మూసేస్తుంది. గిన్నె జాలీ అడుగు చుట్టూ చెత్త పేరుకున్నా పైనుంచి నీళ్లు పోతాయి.

ఎన్ని తూములు కావాలన్నది చిన్న లెక్క. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మా డాబా 900 చదరపు అడుగులు, అంటే 84 చదరపు మీటర్లు. గంటలో ఐదు సెంటీమీటర్లు కురిస్తే నాలుగు వేల లీటర్ల పైన, నాలుగు ట్యాంకుల నీళ్లు! గంటకు పది సెంటీమీటర్ల జడివానకి నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల డాబాకే సరిపోతుంది. మాకు రెండు పైపులున్నాయి, లెక్క సరిగ్గా సరిపోయింది. కానీ ఒకటి మూసుకుంటే? 2024 సెప్టెంబరు 1న బెజవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో ఎంతోమంది డాబాల మీదే తలదాచుకున్నారు. ఆ వాన తలుచుకున్నప్పుడల్లా లేచి వెళ్లి జాలీలు చూసి వస్తాను.

వాలు సంగతి. పదడుగులకు అంగుళంన్నర తూము వైపు వాలు ఉంటే మేలు. కొలవక్కర్లేదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున వెళ్లి, ఇంకా నీళ్లు నిలిచిన చోట చుట్టూ సుద్దముక్కతో గీయండి. రెండో రోజుకీ ఆరకపోతే అక్కడ పల్లం పడినట్టు. దాన్ని మాత్రమే చెక్కి సరిచేయించుకోవచ్చు. ట్యాంకు పొంగి నీళ్లు పడేచోటు కూడా ఇలాగే నల్లగా పాచి పట్టి కనిపిస్తుంది. దానికి మేస్త్రి అక్కర్లేదు. ట్యాంకు పొర్లుడు గొట్టాన్ని తూము దాకా పొడిగించి, లోపలి బాలు వాల్వు మార్పిస్తే చాలు.

ఇక పిట్టగోడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండకి శ్లాబు మాత్రం ఊరుకుంటుందా? పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. మీదున్న ఇటుక పిట్టగోడ దానితో సమానంగా కదలదు. అందుకే పిట్టగోడ అడుగున, గచ్చు కలిసే చోట, గీత గీసినట్టు అడ్డంగా పగులు వస్తుంది. చాలా ఇళ్లలో పై గదుల గోడలు చెమ్మగిల్లేది దీనివల్లే, జనం మాత్రం గచ్చుని తిడతారు. అక్కడ గోడకీ గచ్చుకీ మధ్య మూలని కత్తిలా వదలకుండా సిమెంటుతో మూడంగుళాల మేర గుండ్రంగా తిప్పించాలి. ఆ వంపు మీదుగా గోడ పైకి అడుగు ఎత్తు దాకా కోటింగు ఎక్కించాలి. పగులు ఉంటే ముందు దాన్ని ఉలితో 'వి' ఆకారంలో తెరిచి, సాగే గుణమున్న సీలెంటుతో నింపాలి. ఉత్త సిమెంటు పూస్తే వచ్చే ఎండాకాలానికి అదే గీత అక్కడే మళ్లీ లేస్తుంది.

పిట్టగోడ తల ఎవరూ చూడరు. మీరు చెయ్యి పెట్టి తడమండి. పైన ప్లాస్టరింగు పొరలుగా లేస్తుంటే నీళ్లు గోడ నడుమ నుంచి దిగుతున్నట్టు. మేము కడప రాయి పలకలు వేయించాం, లోపలికి అంటే డాబా వైపు కొద్దిగా వాలు పెట్టి. బయటికి వాలుంటే వీధి గోడ మీద నల్లటి చారలు పడతాయి. మా పక్కింటి వదినగారి గోడ చూస్తే మీకే తెలుస్తుంది, పాపం రంగు వేయించిన ఆరు నెలలకే కాటుక కారినట్టయింది.

పిట్టగోడ సందుల్లో రావి మొక్క మొలిస్తే రెండాకుల మీద ఉన్నప్పుడే వేళ్లతో సహా లాగేయండి. దేవతా వృక్షం కదా అని మొహమాటపడే వాళ్లు దాన్ని కుండీలో పెట్టి గుడికి ఇచ్చేయవచ్చు, మా అత్తగారు అదే చేసేవారు. చిటికెన వేలంత లావయ్యాక పైకి కోసినా లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది. ప్లాస్టరింగు విప్పి వేరు తీయించాల్సిందే.

సన్‌షేడ్లకి నేను చాలా ఏళ్లు అన్యాయం చేశాను. పైనుంచి కనిపించవు, కిందనుంచి చూడాలనిపించదు. సన్‌షేడ్ అడుగున, అంచుకి రెండంగుళాలు లోపలగా, వేలు పట్టేంత గాడి ఒకటి ఉండాలి. నీటి బొట్టు అడుగునే పాకుతూ గోడ దాకా రాకుండా, ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. రంగులు వేసేవాళ్లు లప్పం పెట్టి దాన్ని నున్నగా పూడ్చేస్తారు. మా ఇంట్లో రెండింటికి అలాగే పూడ్చారు, కిటికీల పైన గోడ ఉబ్బింది. పాత స్క్రూడ్రైవరుతో గాడి మళ్లీ గీకించాను. ఇంకొకటి, ఏసీ నీళ్ల గొట్టం సన్‌షేడ్ మీదకి వదలకండి. ఎండాకాలమంతా రోజూ తడిసే కాంక్రీటులో ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పెచ్చులుగా కిందకి తోస్తుంది. అడుగున ఇనుప చువ్వ కనిపించిందంటే రంగుతో కప్పకండి. వదులు కాంక్రీటు కొట్టేసి, చువ్వని తీగ బ్రష్షుతో మెరిసేదాకా తోమించి, తుప్పు పట్టని పూత వేసి, అప్పుడు మాలు పెట్టించాలి. చువ్వ సగానికి సగం తినేసి ఉంటే అది మేస్త్రి పని కాదు, ఇంజనీరుకి చూపించండి. ఎవరైనా సరే సన్‌షేడ్ మీద నిలబడి పని చేయకూడదు.

వెనక పెంకుటింటిది ఇంకో కథ. మావి మంగళూరు పెంకులు, ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. కోతుల గుంపు వచ్చిన మర్నాడు వంటింట్లో లైటు ఆర్పి పైకి చూస్తాను. వెలుతురు చుక్కలు ఎక్కడ కనిపిస్తే అక్కడ పెంకు జరిగినట్టు. మార్చడానికి పైకెక్కనక్కర్లేదు. కింద నిచ్చెన వేసుకుని పై వరుస పెంకుని కర్రతో కాస్త ఎత్తి, విరిగినదాన్ని లాగి కొత్తది దూర్చవచ్చు. పాత ఇళ్లు పడగొట్టే చోట పాతిక పెంకులు తెచ్చి పెట్టుకున్నాను, ఇప్పుడు కొత్తవి అదే కొలతలో దొరకడం కష్టం. చూరు దగ్గర వాసాల చివరలు తడిసి మెత్తబడతాయి, చెదలు మొదలయ్యేదీ అక్కడే. స్క్రూడ్రైవరుతో పొడవండి. టక్కుమంటే సరే, దిగితే ఆ చివర కోసి జోడు చెక్క వేయించాలి.

కానీ ఆ ఇంట్లో నన్ను ఏడిపించింది పెంకులూ కాదు, వాసాలూ కాదు. పెంకుల కప్పు వచ్చి శ్లాబు గోడకి ఆనే చోటు. అక్కడ ఏటా సిమెంటు పూయించేదాన్ని, ఏటా విడిచిపెట్టేది. కర్ర వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, గోడ కదలదు. రెంటికీ సిమెంటుతో ముడి పెడితే నిలుస్తుందా? చివరికి గోడలో అంగుళం లోతు గాడి కోయించి, జింకు రేకు ఒక అంచు ఆ గాడిలోకి మడిచి బిగించి, రెండో అంచు పెంకుల మీదకి ఆరంగుళాలు వాలేలా వదిలేశాం. గాడిలో మాత్రమే సీలెంటు. పెంకులకి రేకు అతికించలేదు, కప్పు కదిలితే రేకు కింద కదులుతుంది, అంతే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటిన రోజు రాత్రంతా టార్చిలైటుతో ఆ మూల కిందే కూర్చున్నాను. చుక్క పడలేదు.

డాబా మొత్తానికి కోటింగు ఎప్పుడు వేయించాలి? గచ్చు నిండా సాలెగూడులా వెంట్రుక పగుళ్లు ఉంటే, చేత్తో రుద్దితే ఇసుక రాలుతుంటే. అప్పుడు కూడా పైన చెప్పిన అంచులన్నీ బాగు చేశాకే. సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరిలో వేయించండి. మే నెల ఎండలో గచ్చు కాలుతుంటే పూత పట్టుకోకముందే ఆరిపోతుంది, జూన్‌లో అయితే లోపలి చెమ్మ పొక్కులుగా లేస్తుంది. పాచి మొత్తం గీకి, కడిగి, రెండు మూడు రోజులు ఎండనిచ్చాక పని మొదలవ్వాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వెళ్లాలి. తెల్లరంగుది వేయించుకుంటే పై గది వేడి కూడా తగ్గుతుంది.

నేను పైకెళ్లేది ఏడాదికి రెండుసార్లు గట్టిగా, మే నెలాఖరున మృగశిరకి ముందు ఒకసారి, తుఫాన్లు మొదలయ్యే ముందు దసరాకి ఒకసారి. మధ్యలో పెద్ద వాన పడిన మర్నాడల్లా జాలీలు. తడి పాచి మీద చెప్పులతో నడవకండి, జారతారు. వాన కురుస్తుండగా ఎక్కకండి. పక్కన కరెంటు తీగలుంటే ఇనుప నిచ్చెనతో అసలు ఎక్కకండి. మెట్ల గదిలో మేకుకి ఒక గోనెసంచి వేలాడుతుంది, అందులో సుద్దముక్కలు, పాత స్క్రూడ్రైవరు, తీగ బ్రష్షు, టార్చి. ఈ ఏడు మిరపకాయలు మాత్రం తూముకి అవతలి మూలన పోశాను, తొడిమలు తీసేశాకే.